అంచులో సగం మనిషి

మా ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అంటారు. ఎదురుగా అనరు, అటు తిరిగాక అంటారు. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి పాపంలో పెద్ద వాటా నాదే. నిజానికి ఆమె చేతిలో కత్తెర ఎప్పుడూ ఉండదు, మౌస్ ఉంటుంది. కానీ ఆ మౌస్‌తోనే రోజుకు రెండు వందల ఇళ్ళ గోడలు, తలుపులు, మనుషుల కాళ్ళు, పిల్లుల తోకలు కత్తిరించి పారేస్తుంది.

మాది పాత సామాను అమ్మిపెట్టే వెబ్‌సైట్. ఇంట్లో అడ్డమైపోయిన మంచాన్నో బీరువానో వదిలించుకోవాలనుకున్నవాళ్ళు ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. అది ముందు కత్తెర దగ్గరికి వస్తుంది. ఆమె నాలుగు వైపులా కత్తిరించి, వంకర సరిచేసి, వస్తువు ఒక్కటే కనబడేలా చేసి నా వైపు తోస్తుంది. దాని కింద నాలుగు మాటలు రాయడం నా పని. పదిహేనేళ్ళు ఒక పత్రికలో అచ్చుతప్పులు దిద్ది, అది మూతపడ్డాక ఇక్కడ తేలాను. ఇప్పుడు 'గట్టి చెక్క, కొద్దిగా వాడినది, చూడముచ్చటగా ఉంటుంది' అని విరిగిన కుర్చీల గురించి రాస్తూ బతుకుతున్నాను. ఫొటో, నా రాత రెండూ కలిపి అమ్మేవాళ్ళకు ఒకసారి చూపిస్తాం. వాళ్ళు 'సరే' నొక్కితేనే సైట్‌లో పెడతాం. నొక్కకపోతే కింద ఒక గడి ఉంటుంది, అందులో ఏం మార్చాలో రాస్తారు. ఆ గడిలో జనం మమ్మల్ని తిట్టే తిట్లు చదివితే తెలుగు ఎంత సంపన్నమైన భాషో తెలుస్తుంది.

మా ఇద్దరి పైనా ఒక సూపర్‌వైజర్ ఉన్నాడు. ఆయన పేరు శాతం సార్. ఇది కూడా నేను పెట్టిందే. ఆయన దేన్నయినా శాతాల్లోనే చెబుతాడు. ఫొటోలో వస్తువు ఎనభై శాతం ఉండాలి. మా పని తొంభై ఐదు శాతం తప్పుల్లేకుండా ఉండాలి. కాఫీ ఎలా ఉందంటే అరవై శాతం బాగుంది అంటాడు. ఇంట్లో భార్యతో ఎలా వేగుతాడో నాకు తెలియదు.

కత్తెర మాత్రం నూటికి నూరు. ఆ మాట ఒప్పుకోక తప్పదు. ఫొటో పట్టుకుంటే అందులో ఎక్కడ ఆపాలో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. కుర్చీని కాళ్ళ దగ్గరికి తెగ్గోయకూడదంటుంది. కాళ్ళ కింద కాస్త నేల వదలకపోతే గాలిలో తేలుతున్నట్టు ఉంటుందట. సైకిల్ అయితే ముందు చక్రానికి ఎదురుగా కొంచెం దారి ఉండాలట. అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది, నేను చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పింది.

"అంచులో సగం వస్తువు ఉండకూడదు పిన్నీ. ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే పూర్తిగా పోవాలి. సగం ఉంటే కన్ను అక్కడికే పోతుంది. అసలుదాన్ని చూడదు."

ఈ పిన్నీ సంగతి కూడా చెప్పాలి. ఆమెకు ముప్పై నాలుగు, నాకు నలభై ఆరు. ఏ లెక్కన చూసినా నేను అక్కనే అవుతాను. ఆఫీసులో మిగతా ఆడపిల్లలందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు. ఈమె ఒక్కతే మొదటిరోజు నుంచీ పిన్నీ. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగేశాను కూడా, నేనంత ముసలిదానిలా కనిపిస్తున్నానా అని. "కాదు పిన్నీ, అలా అలవాటైపోయింది" అని మాట తప్పించింది. మాటల్ని కూడా ఫొటోల్లాగే ఎక్కడ కావాలో అక్కడ కత్తిరించడం ఆమెకు చేతనవును. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా కూపీ లాగబోతే రెండో వాక్యం దాకా రానివ్వదు.

ఆమెలో నాకు మొదటినుంచీ వింతగా తోచింది ఒకటే. కత్తిరించే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. వస్తువును కాదు, అంచులను చూస్తుంది. తీసేయబోయే వాటినే చూస్తుంది. "ఈ ఇంట్లో పెద్దాయన పోయినట్టున్నాడు పిన్నీ, మంచం అమ్ముతున్నారు, చేతికర్ర ఇంకా మూలనే ఉంది" అంటుంది. "వీళ్ళింట్లో గడప పక్కన పిల్లల ఎత్తు గీతలు గీశారు. మూడో గీత దగ్గర ఆగిపోయింది, ఎందుకో" అంటుంది. ఆ తర్వాత టక్‌మని కోసేస్తుంది. ఎవరిదో ఇల్లు, ఎవరిదో బతుకు, దాని కోసం ఈమె నిట్టూర్పులు. "నీకు జీతం ఇచ్చేది మంచానికి, చేతికర్రకు కాదు" అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే చూద్దామని ఆమె గదికి వెళ్ళాను. మూడో అంతస్తు మీద ఒంటి గది. మంచం, కుర్చీ, గ్యాస్ పొయ్యి. సామాను అంతా గోడకు సమానంగా, స్కేలు పెట్టి సర్దినట్టు ఉంది. గోడకు ఒకే ఒక్క ఫొటో. ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని, పక్కకు చూస్తూ, మనసారా నవ్వుతోంది. అంత బాగా నవ్వే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

"మీ అమ్మా?" అన్నాను.

"అవును. ఆ ఫొటోలో ఏమైనా తక్కువైందనుకుంటున్నారా పిన్నీ?"

"లేదే. చాలా బాగుంది."

"అందరూ అదే అంటారు" అని అటు తిరిగి పడుకుంది. జ్వరంలో ఉన్న మనిషి కదా, మొత్తం ఆరోజే చెప్పేసింది.

వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ బట్టలు కుట్టేది. అక్క ఈమె కంటే తొమ్మిదేళ్ళు పెద్దది. చదువు మధ్యలో ఆపి మందుల షాపులో చేరి, ఈమెను చదివించింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చోబెట్టి రెండు జడలు వేసి బడికి పంపేది. అద్దంలో ఈమె మొహం నిండుగా, వెనక నిలబడ్డ అక్క సగమే కనబడేదట. రెండు చేతులు, ఒక భుజం, నోట్లో పట్టుకున్న రిబ్బను.

ఈమె ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. ఈమె తన ఫోన్‌తో అమ్మను ఫొటో తీసింది. అమ్మ అటు తిరిగి నవ్వుతోంది. అటువైపు అంచులో, పళ్ళేలు మోసుకుపోతున్న అక్క సగం పడింది. ఒక చేయి, సగం మొహం, నలిగిన పైట. అప్పటికి ఈమె రోజుకు రెండు వందల ఫొటోలు కోస్తోంది. చెయ్యి ఆలోచించలేదు. అంచులో సగం మనిషి ఉంది, కోసేసింది. కోసినదాన్ని పాత ఫొటో మీదే సేవ్ చేసింది, అసలుది పోయింది. చుట్టాలందరికీ పంపింది. అందరూ ఆహా ఓహో అన్నారు.

రాత్రి గిన్నెలు కడుక్కుంటూ అక్క అడిగిందట, "ఇందులో నేను లేనేంటే?" అని.

ఇక్కడ ఎవరైనా సరే, అయ్యో, ఇంకొకటి తీద్దాంలే అని ఉండేవారు. ఈమె పని తెలిసిన మనిషి కదా, పాఠం చెప్పింది. "సగమే పడ్డావక్కా. అంచులో సగం మనిషి ఉంటే ఫొటో చెడిపోతుంది" అంది.

అక్క చేతిలో గిన్నె కింద పెట్టి, "అవునులే. చెడిపోకూడదు" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఆరోజు నుంచి మాట్లాడలేదు.

"నేను చెప్పింది తప్పేం కాదుగా అనుకున్నాను పిన్నీ. ఏడాది పాటు అలాగే అనుకున్నాను" అంది కత్తెర గోడవైపు తిరిగే. "తర్వాత ఒకరోజు చూస్తుంటే తట్టింది. అమ్మ నవ్వుతున్నది నన్ను చూసి కాదు, అక్కను చూసి. అమ్మ ఎవర్ని చూసి నవ్వుతోందో ఆ మనిషినే కోసేశాను."

మరుసటి ఏడాది అమ్మ పోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో వేరు వేరు గదుల్లో కూర్చుని ఏడ్చారు. మాట కలపాలని ఈమె గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఈమె ఈ గదికి మారిపోయింది. మనసొప్పి అక్కకు ఫోన్ చేసేనాటికి ఆ నంబరు లేదు. ఇంటికి వెళితే ఎవరో కొత్తవాళ్ళు. అక్క ఎక్కడుందో చెప్పగలిగే చుట్టం ఒక్కరూ లేరు, లేదా చెప్పదలచుకోలేదు. అలా ఆరేళ్ళు.

అప్పుడు నాకు అర్థమైంది, ఆమె నన్ను పిన్నీ అని ఎందుకంటుందో. ఆ మరో పిలుపును ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంది.

పోయిన నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం కత్తెర మౌస్ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నేను తొంగి చూశాను. స్క్రీన్ మీద ఒక పాత అద్దం బల్ల ఉంది. నిలువుటద్దం, కింద రెండు సొరుగులు. ఒక సొరుగు పిడి పోతే, దారం అయిపోయిన చెక్క రీలు బిగించి ఉంది.

"బాగానే ఉందిగా. ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు పిన్నీ."

అద్దాలతో మాకు పెద్ద తలనొప్పి. ఫొటో తీసే మనిషి అందులో కనబడిపోతారు. దీన్లోనూ కనబడుతోంది. మొహానికి అడ్డంగా ఫోన్, దాన్ని పట్టుకున్న చెయ్యి, గడియారం డయల్ మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకుని ఉంది. ఇలాంటివి వెనక్కి పంపడానికి మా దగ్గర ఎనిమిది బటన్లున్నాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో కారణం. సొంతంగా ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు, ఎందుకంటే ఇంతకుముందు పనిచేసినతను ఒక బీరువా ఆసామితో గడిలోనే గొడవ పెట్టుకున్నాడు. అద్దంలో మనిషి కనబడితే నాలుగో బటన్ నొక్కాలి, 'పక్క నుంచి తీయండి' అని. కత్తెర నాలుగేళ్ళ పిల్లకు కూడా నేర్పగలదు ఆ మాట.

ఆమె రెండోది నొక్కింది. 'ఇంకాస్త దూరం నుంచి తీయండి.'

చెయ్యి జారిందేమో అనుకున్నాను. మర్నాడు అదే బల్ల మళ్ళీ వచ్చింది, ఈసారి కాస్త దూరం నుంచి. అద్దంలో మనిషి ఇంకా నిండుగా కనబడుతోంది. చుట్టూ గది కూడా కొంచెం పడింది. ఒంటి మంచం, మడత పెట్టిన దుప్పటి, కిటికీ అంచున ఒక కప్పు. కత్తెర కళ్ళు స్క్రీన్‌కు అతుక్కుపోయాయి. మళ్ళీ రెండోదే నొక్కింది.

"ఏయ్, నాలుగోది నొక్కాలి" అన్నాను.

"ఒక్క కప్పే ఉంది పిన్నీ" అంది.

"ఏంటి?"

"కిటికీలో. ఒక్క కప్పే. అంటే ఒక్కతే ఉంటోంది." వేలు సొరుగు మీదికి జరిపింది. "ఆ రీలు మా అమ్మ బిగించింది. ఆ గడియారం అలా పెట్టుకునేది మా అక్క."

కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాను. కొనేవాళ్ళలాగా అడిగితే సైట్ వాళ్ళే కలుపుతారు కదా అన్నాను. మాకు అమ్మేవాళ్ళ పేరు, ఊరు, నంబరు ఏవీ కనబడవు. కొనేవాళ్ళకైతే కనబడతాయి.

"సైట్‌లోకి ఎక్కాలి కదా ముందు. ఎక్కిన గంటలో ఇంకెవరైనా పట్టుకుపోతే? పైగా కొనేదానిలా వెళ్ళి ఆ తలుపు కొట్టనా? గొంతు వినగానే పెట్టేస్తుంది పిన్నీ." మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగి, "ఒక్కసారి మొహం చూడాలని ఉంది. అంతే" అంది.

అంతే అని అంది గానీ, అంతే కాదని ఇద్దరికీ తెలుసు.

మూడో ఫొటో బుధవారం వచ్చింది. గడిలో రాత కూడా వచ్చింది. 'ఇది అద్దం బల్ల. ఇంద్రభవనం కాదు. ఇంకెంత దూరం వెళ్ళమంటారు?' కత్తెర అది చదివి నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. "అదే పుల్లవిరుపు" అంది మురిసిపోతూ. "చిన్నప్పుడు అన్నం వద్దంటే ఇలాగే అనేది." ఆ వెంటనే మొహం వాడిపోయింది. ఫొటో అంచులో, మంచం పక్కన తాళ్ళతో కట్టిన నాలుగు అట్టపెట్టెలున్నాయి.

"ఇల్లు ఖాళీ చేస్తోంది. అందుకే అమ్మేస్తోంది. ఈ బల్ల పోయిందంటే ఇంక నాకు దారి లేదు పిన్నీ."

ఫోన్ పైన కొంచెం జుట్టు మాత్రం కనబడుతోంది. సగం తెల్లబడింది. మొహం అక్కడే, ఫోన్ వెనకాలే ఉంది. కత్తెర రెండో బటన్ నొక్కింది, దానితోపాటు ఏడోది కూడా. 'ఫోన్ కిందికి దించి, వస్తువు మధ్య ఎత్తులో పట్టుకోండి.' పనికొచ్చే సలహానే అది, గీతలు నిటారుగా వస్తాయి. కానీ ఆ రోజు దాని అవసరం గీతల కోసం కాదు.

గంట తిరక్కుండా శాతం సార్ మా బల్లల దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది, ఒక్క అద్దాన్ని మూడుసార్లు వెనక్కి పంపారంట. ఆవిడ ఫోన్ చేసి నన్ను కడిగేసింది. నూటికి ఒక్కరు కూడా మూడోసారి తీయరు. ఆవిడ కాబట్టి ఓపిగ్గా తీస్తోంది."

"మీతో మాట్లాడిందా సార్?" కత్తెర కుర్చీలోంచి లేచింది. "గొంతు ఎలా ఉంది?"

"గొంతు ఎలా ఉండటమేంటి? కోపంగా ఉంది."

"నీరసంగా ఏం లేదు కదా?"

శాతం సార్ నావైపు చూశాడు. నేను స్క్రీన్ వైపు చూశాను. "రేపు సాయంత్రంలోగా ఇది పూర్తవ్వాలి. లేకపోతే నేనే కోసి పెట్టేస్తాను" అని వెళ్ళిపోయాడు.

గురువారం భోజనాలయ్యాక వచ్చింది నాలుగోది. ముందు గడిలో రాత చదివాం.

'వెనక గోడ ఉంది. వీపు గోడకు ఆనించి తీశాను. ఇంతకంటే దూరం నేను వెళ్ళలేను.'

కత్తెర ఫొటో తెరవడానికి భయపడింది. నేనే తెరిచాను. బల్ల చిన్నదైపోయింది. గది మొత్తం పడింది. అద్దంలో ఆవిడ నిలువెత్తున నిలబడి ఉంది, వీపు గోడకు ఆనించి, ఫోన్ పొట్ట దగ్గర పట్టుకుని. మొహానికి ఏ అడ్డూ లేదు. నలభై మూడేళ్ళకే యాభై దాటినట్టు ఉంది. విసుగు, అలసట, కళ్ళ కింద నలుపు. ఆ మొహం సూటిగా మా ఇద్దరినీ చూస్తోంది.

కత్తెర ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేలితో స్క్రీన్ మీద ఆవిడ పక్కన చూపించింది. అద్దంలో, ఆవిడ ఆనుకున్న గోడ మీద ఒక ఫొటో వేలాడుతోంది. కుర్చీలో పెద్దావిడ, పక్కకు తిరిగి మనసారా నవ్వుతూ. కత్తెర గదిలో ఉన్నదే. కోసిన ఫొటో. తనను కోసేసిన ఫొటోను ఆ అక్క పటం కట్టించి గోడకు పెట్టుకుంది. అట్టపెట్టెలన్నీ కట్టేసింది, దాన్ని మాత్రం ఇంకా దించలేదు. అద్దంలో తిరగబడేసరికి, అమ్మ చూపు సరిగ్గా పక్కనున్న అక్క మీదికే పోతోంది.

అప్పుడు ఏడ్చింది. బల్ల మీద తల పెట్టుకుని, చప్పుడు కాకుండా, చాలాసేపు. నాకు ఓదార్చడం రాదు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి పక్కన పెట్టాను.

కళ్ళు తుడుచుకున్నాక అడిగింది, "పిన్నీ, వర్ణన మీరు మీ ఇష్టమొచ్చినట్టు రాయొచ్చు కదా. దానికి బటన్లు లేవుగా."

లేవు. ఆఫీసు మొత్తంలో సొంత వాక్యం రాసే హక్కున్న మనిషిని నేనొక్కదాన్నే. ఆమె చెప్పింది, నేను రాశాను. పదిహేనేళ్ళు ఇతరుల తప్పులు దిద్దినదాన్ని, ఆ రోజు ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

'పాత అద్దం బల్ల. ఒక పిడి విరిగితే ఇంటావిడ దారం రీలు బిగించింది. ఎడమ సొరుగు ఇరుక్కుంటుంది, కాస్త పైకెత్తి లాగాలి. ముందు ఒక చిన్నపిల్ల కూర్చుని, వెనక ఒక పెద్దపిల్ల నిలబడి జడ వేయడానికి వీలుగా ఉంటుంది. వెనక నిలబడ్డ మనిషి అద్దంలో సగమే కనబడుతుంది. ఆ సగం లేకపోతే అద్దం వెలితిగా ఉంటుంది.'

ఇక్కడ ఆగింది. క్షమించమని రాయనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. చివరి వాక్యం మెల్లగా చెప్పింది.

'ఈ ఫొటోను ఏ వైపూ కత్తిరించలేదు.'

నిజంగానే కత్తిరించలేదు. నాలుగు మూలలూ అంచుల దాకా లాగి వదిలేసింది. రెండూ కలిపి అమ్మే మనిషికి పంపేశాం. పంపిన పది నిమిషాలకు శాతం సార్ వచ్చి స్క్రీన్ ముందు వంగాడు. నేను రాసిన వర్ణన ఆయన చదవలేదు, ఎప్పుడూ చదవడు. ఫొటో చూశాడు.

"ఏంటమ్మా ఇది? వస్తువు ముప్పై శాతం కూడా లేదు. మిగతా డెబ్భై శాతం ఏంటి?"

"మా అక్క సార్."

ఆయన ఇంకోసారి వంగి చూశాడు. అద్దంలో మొహాన్ని, తర్వాత కత్తెర మొహాన్ని. ఆయనకు ఏ శాతమూ తోచినట్టు లేదు. మౌస్ మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, "సరే, రేపు చూద్దాం" అని వెళ్ళిపోయాడు. ఆయన్ని నేను అన్న మాటల్లో సగం ఆరోజు వెనక్కి తీసుకున్నాను.

శుక్రవారం పొద్దున కత్తెర నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పదింటికి ఏమీ రాలేదు. పదకొండింటికీ రాలేదు. మధ్యలో వచ్చిన ఫొటోలను నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఒక్కటి కూడా సరిగ్గా కోయలేదు. ఒక కుర్చీకి కాలు పోయింది, ఒక ఉయ్యాలకు గొలుసు పోయింది. పన్నెండు దాటాక కంప్యూటర్‌లో గంట మోగింది. అద్దం బల్ల. అమ్మే మనిషి 'సరే' నొక్కలేదు. గడిలో రాసింది.

"మీరు చదవండి పిన్నీ. నాకు కనబడట్లేదు" అంది. కళ్ళనిండా నీళ్ళుంటే ఎలా కనబడుతుంది. నేను చదివాను.

'వర్ణనలో తప్పుంది, మార్చాలి. ఇరుక్కునేది ఎడమ సొరుగు కాదు, కుడిది. అది నాది. నేను లేనప్పుడు లాగి లాగి దాన్ని పాడుచేసింది ఎవరో నాకు తెలుసు. ఎడమ సొరుగు తాళం వేసింది వేసినట్టే ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ తెరవలేదు. దాన్ని ఖాళీ చేయకుండా బల్ల అమ్మడానికి కుదరదు. ఎవరిది వాళ్ళే వచ్చి ఖాళీ చేసుకోవాలి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.'

కింద వీధి, ఇంటి నంబరు, మేడ మీద రెండో తలుపు అని ఉంది. ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే. పాత సామాను అమ్ముకోవడానికి ఇంకా నాలుగు సైట్లున్నాయి. చెల్లెలు ఎక్కడ పనిచేస్తుందో తెలిసిన మనిషి వెతుక్కుని మా దగ్గరికే ఎందుకొచ్చింది, మూడుసార్లు వెనక్కి పంపినా ఎందుకు తీస్తూనే ఉంది. ఇది కత్తెరతో అనలేదు. అన్నానంటే ఆదివారం దాకా బతకదు.

ఆమె ఆ రాతను మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. చదివిన ప్రతిసారీ 'అది నాది' అనే చోట నవ్వింది. తర్వాత లేచి, చున్నీతో మొహం తుడుచుకుని, మళ్ళీ కూర్చుంది.

"వెళ్ళి ఏం మాట్లాడాలి?"

"ఏదైనా మాట్లాడు. ఫొటోలు ఎలా తీయాలో మాత్రం చెప్పకు."

తల ఊపింది. స్క్రీన్ మీద ఇంకా ఆ ఫొటోయే ఉంది. అద్దంలో అక్క, పక్కన అమ్మ, ముందు ఎవరూ తెరవని ఎడమ సొరుగు. దాని మీద వేలు పెట్టి, మొదటిసారి నన్ను ఆ పిలుపుతో పిలిచింది.

"అక్కా, ఆ సొరుగులో ఏం పెట్టానో నాకు అసలు గుర్తే లేదు."

"ఏముంటే ఏంటి," అన్నాను. "ఒక్క ఆదివారంలో మాత్రం ఖాళీ చెయ్యకు."